చల్లటి ఇంజను దగ్గరికే వెళ్ళండి

బండి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత డీజిల్ పికప్ బండ్ల గురించే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు పంపు రూములో పనిచేసినవాణ్ణి. ఇంజనులోకి డీజిలు తోసే పంపులు, దాన్ని చల్లే నాజిళ్ళు విప్పడం, టెస్టు బెంచి మీద ఎక్కించి కొలతలు సరిచేయడం నా పని. అందుకని ఏ ఇంజన్నయినా ముందు పంపు వైపు నుంచే చూస్తాను. సిలిండరు బోరు (పిస్టను ఆడే గొట్టం) పని చేసే మేస్త్రీలు ఇదే ఇంజన్ని ఇంకో వైపు నుంచి చూస్తారు. వాళ్ళ మాటా వినండి.

ప్రశ్న: మాకు నిమ్మతోట ఉంది. కాయ ఏలూరు మార్కెట్టుకు తోలుకోవడానికి పాత పికప్ కొందామనుకుంటున్నాను. రెండు బండ్లు చూశాను. ఒకటి టాటా 207 డీఐ, 2006 మోడలు. ‘ఇంజను మొన్ననే చేయించాం, పదేళ్ళదాకా చూడక్కర్లేదు’ అంటున్నారు. రెండోది బొలెరో పికప్, 2018 మోడలు, కామన్ రైలు ఇంజను, మీటరు 1,40,000 చూపిస్తోంది. రెండూ స్టార్టు చేసి చూపించారు. రెండూ నున్నగానే పలుకుతున్నాయి. దేన్ని నమ్మొచ్చు? – ఒక రైతు, జంగారెడ్డిగూడెం

జవాబు: మీరు ఆ బండ్లను ఎన్నింటికి వెళ్ళి చూశారో రాయలేదు. మధ్యాహ్నం వెళ్ళి ఉంటారు. మీరు వస్తున్నారని తెలిసి అరగంట ముందే తిప్పి ఉంచి ఉంటారు. వేడెక్కిన డీజిల్ ఇంజను, సగం అరిగిపోయినదైనా సరే, నున్నగానే పలుకుతుంది.

ఎందుకో చెబుతాను. డీజిల్ ఇంజనులో మంట పెట్టే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని పదిహేడు, పద్దెనిమిదో వంతుకు నొక్కితే ఆ నొక్కుడుకే గాలి అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. నాజిలు అందులోకి డీజిలు చల్లగానే అంటుకుంటుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు, బోరు అరిగిపోతే నొక్కిన గాలి సందుల్లోంచి కిందికి జారిపోతుంది. ఉన్న కాస్త వేడినీ చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. అందుకే పొద్దున్న మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఇంజను ఎలా ఉందో అదే దాని అసలు ఆరోగ్యం. ఒకసారి ఇనుము వేడెక్కితే ఆ జబ్బు కనపడదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. పోయిన డబ్బు నాది కూడా కాదు, మా బావమరిదిది. చాలా ఏళ్ళ కిందట కూరగాయల వ్యాపారానికి పికప్ కొంటానని నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ రోజు ఒక పెళ్ళికి వెళ్ళాల్సి ఉండి నేను తొందరలో ఉన్నాను. మేము వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను, వేడి తగిలింది, అయినా పట్టించుకోలేదు. పంపు శబ్దం విన్నాను. నాజిళ్ళు నాలుగూ సమంగా కొడుతున్నాయి. ‘బాగుంది, తీసుకో’ అన్నాను. మర్నాడు పొద్దున ఆరింటికి ఫోను. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాలేదట. విప్పి చూస్తే పొగ కనపడకుండా చిక్కటి గేరు ఆయిలు కలిపి పోసి ఉంది. బోర్లు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉన్నాయి. మా చెల్లెలు మెళ్ళో గొలుసు అమ్మి ఆ ఇంజను చేయించారు. మోసం చేసినవాడి తప్పు ఎలాగూ ఉంది. కానీ చెయ్యి పెట్టి వేడి చూసి కూడా ఊరుకున్నది నేను. ఆ తర్వాత వేడి ఇంజను చూసి ఎవరికీ మాట చెప్పలేదు.

కాబట్టి ముందు రోజు రాత్రే చెప్పండి, ‘పొద్దున ఆరింటికి వస్తాం, మేము వచ్చేదాకా తాళం తిప్పొద్దు’ అని. వెళ్ళగానే ఇంజను మీద, సైలెన్సరు గొట్టం మొదట్లో చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మాట పెంచకుండా ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే స్టార్టు చేయక ముందే రేడియేటరు మూత తీయండి. చల్లగా ఉన్నప్పుడే సుమా, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల రంగు కూలెంటు ఉందా, తుప్పు రంగు నీళ్ళున్నాయా చూడండి. మన వైపు బోరుబావి నీళ్ళు పోసి నడిపేవాళ్ళు ఎక్కువ. ఆ నీళ్ళ ఉప్పు ఇంజను పైభాగం, అంటే హెడ్డులోని నీటి దారుల్లో పేరుకుని, బండి నిండా లోడు వేసిన రోజున హెడ్డు కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ లేపేస్తుంది. నీళ్ళ మీద నూనె తెట్టు తేలినా, ఆయిలు మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ మీద ఆయిలు మజ్జిగ రంగులో ఉన్నా ఇంక ఆ బండి గురించి ఆలోచించకండి. ఆయిలు నల్లగా ఉందని మాత్రం భయపడొద్దు. డీజిల్ బండి ఆయిలు మార్చిన రెండో రోజుకే నల్లబడుతుంది. వేళ్ళ మధ్య రాసి చూడండి. డీజిలు వాసన రాకూడదు, గరుకు తగలకూడదు, మరీ తారులా చిక్కగా ఉండకూడదు.

ఇప్పుడు స్టార్టు చేయించండి. హీటరు ఉన్న బండయితే ముందు హీటరు దీపం వెలిగి ఆరనివ్వండి. మీరు సైలెన్సరు వెనక నిలబడండి, మీ మనిషిని డ్రైవరు పక్కన కూర్చోబెట్టండి. రెండు మూడు సెకన్లలో అందుకుంటే మంచి గుణం. తెల్లటి పొగ ఒక అరనిమిషం వచ్చి తేలిపోతే తప్పు లేదు. కళ్ళు మండించే తెల్ల పొగ ఆగకుండా వస్తూ, ఇంజను కుంటుతున్నట్టు ‘టక్ టక్... టక్’ మని ఒక దెబ్బ తప్పుతుంటే ఒక సిలిండరు సరిగ్గా అంటుకోవడం లేదని అర్థం. తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తే నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతోంది.

ఇంజను వేడెక్కాక ఆయిలు పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే పెట్టండి. కాస్త ఊగితే పాత బండికి సహజమే. మూత ఎగిరి పడినా, రైలింజనులా పొగ తోసుకొచ్చినా దాన్నే మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం. అది బోరు పనికొచ్చిన ఇంజను.

తర్వాత బండి తోలి చూడండి, ఖాళీగా కాదు. మీ తోటలో ఎంత బరువు వేస్తారో అంత బరువు వేసి. మూడో గేరులో మెల్లగా వెళ్తూ ఎక్సలేటరు పూర్తిగా తొక్కండి. అప్పుడు లాగుడు, పొగ, వేడి ముల్లు మూడూ చూడండి. పది పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి ఆపి, పది నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్టు చేయండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు, నాకు మాత్రం ఇదే ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాకపోతే జబ్బు ఇంజనుది. వేడిగా ఉన్నప్పుడు స్టార్టు కాకపోతే జబ్బు చాలావరకు పంపుది. వేడికి డీజిలు పలచబడుతుంది. రోటరీ పంపు ఉన్న బండికి ఆ పంపు హెడ్డులో డీజిల్ని నొక్కే కడ్డీ, అంటే ప్లంజరు, అరిగి ఉంటే ఆ పలచటి డీజిలు సందుల్లోంచి వెనక్కి జారిపోయి, నాజిలు తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు. అనుమానం వస్తే పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరచండి. వెంటనే స్టార్టయితే పంపు నోరు విప్పి చెప్పినట్టే. ఆ ప్లంజరుకూ అది తిరిగే రంధ్రానికీ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. కిరసనాయిలు కలిపిన డీజిలు నాలుగు నెలలు పోస్తే ఆ సందు పాడవుతుంది, ఎందుకంటే పంపుకు జిడ్డు ఇచ్చేది డీజిలే, కిరసనాయిలులో ఆ జిడ్డు లేదు.

ఇక ‘మొన్ననే చేయించాం’ అన్న మాట. చేయించారంటే ఏం చేయించారు? బోర్లు అరిగి ఉండగా రింగులు మాత్రం మార్చి ఊరుకుంటే ఆ ఇంజను కొన్ని నెలలే బాగుంటుంది. ఆ కొన్ని నెలలు చాలు అమ్ముకోవడానికి. మీరు మూడు అడగండి. ఏ సైజు పిస్టన్లు వేశారు, క్రాంకు గ్రైండింగుకు వెళ్ళిందా, బేరింగులు ఏ సైజువి. నిజంగా చేయించినవాడికి ఇవన్నీ నోటికి వస్తాయి. లేత్ షాపు బిల్లు, పంపు రూము బిల్లు దాచుకుని ఉంటాడు. బిల్లు మీది తేదీ, లేత్ షాపు పేరు రాసుకుని, వీలైతే ఆ షాపుకే వెళ్ళి అడగండి. మా ఆటోనగర్‌లో అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పే మేస్త్రీలు తక్కువ. పని తనది, పేరు తనది.

ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, ఇంజను బ్లాకు మీద కొట్టిన నంబరు ఒకటేనా చూడడం మరిచిపోకండి. వేరే ఇంజను దించి ఎక్కించి ఆర్సీలో రాయించకపోతే రేపు ఫిట్‌నెస్‌కు వెళ్ళినప్పుడు తిప్పలు మీవి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

బొలెరో సంగతికి వస్తే, మన దేశమంతా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్4 కాలుష్య ప్రమాణం వచ్చింది కాబట్టి మీరు చెప్పిన 2018 బండిది కామన్ రైలే, అంటే నాజిళ్ళన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టంలోంచి పెద్ద ఒత్తిడితో డీజిలు వెళ్ళే ఇంజనే. 207లో నాజిలు రెండు వందల పైచిలుకు బార్ల ఒత్తిడికి తెరుచుకుంటుంది. కామన్ రైలులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటిపోతుంది. బాగా లాగుతుంది, పొగ తక్కువ, డీజిలు తక్కువ తాగుతుంది. కానీ నీళ్ళు కలిసిన డీజిలుకు, చౌక ఫిల్టరుకు ఓర్చుకోదు. పంపు, నాలుగు నాజిళ్ళు కలిసి పోతే బండి ధరలో పెద్ద ముక్కే పెట్టాలి. దీనికి లీకాఫ్ పరీక్ష చేయించండి. నాజిళ్ళ రిటర్న్ పైపులు విప్పి నాలుగు సీసాల్లో పెట్టి ఇంజను నడిపితే, ఏ సీసా తొందరగా నిండుతుందో ఆ నాజిలు పోయినట్టు. పావుగంట పని. ఒక హెచ్చరిక. పాత మెకానికల్ పంపు బండికి నాజిలు పైపు నట్టు ఒక్కొక్కటీ వదులు చేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో చూస్తారు, నేనూ వేల సార్లు చూశాను. కామన్ రైలుకు ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. చెయ్యి తీసేయాల్సి రావచ్చు.

మీటరు 1,40,000 నిజమో కాదో బ్రేకు పెడలు రబ్బరు, డ్రైవరు సీటు కుడి అంచు, స్టీరింగు పైన అరుగుడు చెబుతాయి. పెడలు ఇనుము తేలి, మీటరు లక్షన్నర లోపు చూపిస్తే నమ్మొద్దు.

దేన్ని కొనాలని అడిగారు. మీ ఊళ్ళో ఒంటి చేత్తో బాగు చేయగల మేస్త్రీ ఉండి, లేత్ షాపు బిల్లులు దొరికితే 207. రోజూ రాత్రి ఏలూరు వెళ్ళిరావాలి, దారిలో ఆగిపోతే కాయ కుళ్ళిపోతుంది అనుకుంటే, లీకాఫ్ పరీక్షలో నెగ్గిన బొలెరో. రెండూ పొద్దున్నే పరీక్షలో ఓడిపోతే నిమ్మకాయలు ఇంకో నెల అద్దె బండిలోనే వెళ్ళనివ్వండి.

ప్రశ్న: నా పికప్ లోడు మీద నల్ల పొగ కక్కుతోంది. మెకానిక్ పంపు పెంచాడు. అప్పటినుంచి లాగుడు బాగుంది. ఇలాగే వాడొచ్చా? – ఒక డ్రైవరు, హనుమకొండ

జవాబు: వాడొద్దు. నల్ల పొగ అంటే కాలని డీజిలు. దాని డబ్బు మీ జేబులోదే. పంపు పెంచడమంటే డీజిలు ఎక్కువ వెళ్ళేలా స్క్రూ తిప్పడం. గాలి మాత్రం పెరగదు. అదనంగా వెళ్ళిన డీజిలు ఆలస్యంగా కాలి సైలెన్సరు వైపు వేడి పెంచుతుంది. పిస్టను తల కరిగి గుంట పడిన ఇంజన్లు నా కళ్ళతో ఎన్నో చూశాను. అన్నిటి వెనకా ఈ స్క్రూ కథే. ముందు ఎయిరు ఫిల్టరు మార్చండి. సగం నల్ల పొగలు అక్కడే పోతాయి. తర్వాత నాజిళ్ళు టెస్టు చేయించండి, గాలిని నొక్కి పంపే టర్బో ఉంటే దాని గొట్టం ఎక్కడైనా చిరిగిందేమో చూపించండి. ఆ తర్వాతే పంపును బెంచి మీద పెట్టించి కంపెనీ కొలతకు తెప్పించండి.

ఒకప్పుడు బెంగళూరు నుంచి వచ్చే మైకో పంపు మీద ఆ స్క్రూకు తీగ చుట్టి సీసపు సీలు వేసేవారు. మైకో పేరు 2008లో బాష్ అయింది, మా పెద్ద మేస్త్రీలు మాత్రం ఇప్పటికీ మైకో పంపనే అంటారు. పాత బండి కొనేవాళ్ళు ఆ సీలు ఉందా లేదా చూడాలి. ఉంటే ఆ పంపు మీద ఎవరి చెయ్యీ పడలేదు. సీలు తెగి ఉంటే ఎవరు తెంపారో, ఎక్కడ మళ్ళీ కొలత చేయించారో అడగండి.

ప్రశ్న: మాది నల్లగొండ. ఇరవై ఏళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. ఊరి బయట కొంచెం భూమి కొని మేకలు పెంచుతున్నాం. గడ్డి మోపులు, ట్రైలరు లాగడానికి పాత డీజిల్ పికప్ కావాలి. మూడు చూశాను. 1997 డాడ్జ్ రామ్, 5.9 లీటర్ల కమ్మిన్స్, 2,90,000 మైళ్ళు. 2001 ఫోర్డ్ ఎఫ్-250, 7.3 పవర్ స్ట్రోక్, 2,10,000 మైళ్ళు. 2005 ఫోర్డ్, 6.0 పవర్ స్ట్రోక్, 1,20,000 మైళ్ళు. మూడోది అన్నిటికంటే కొత్తది, తక్కువ తిరిగింది, ధర కూడా తక్కువే. దానివైపే మొగ్గుతున్నాను. – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఆగండి. మైళ్ళు చూసి డీజిల్ కొనకూడదు. మూడో బండి అంత చౌకగా ఎందుకు వస్తోందో ముందు అడగాలి.

జంగారెడ్డిగూడెం రైతుకు ఇంజను ఎలా బతికిందో చూడమని రాశాను. మీకు ఇంకొకటి కూడా చెప్పాలి. కొన్ని ఇంజన్లకు పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. ఆ లోపం ఏమిటో తెలుసుకుని, దాన్ని ఎవరైనా సరిచేశారా లేదా అని చూడాలి. అడగాల్సింది ‘మంచి ఇంజనా’ అని కాదు, ‘దీని లోపానికి మందు వేశారా’ అని.

6.0 ఫోర్డు పికప్పుల్లో 2003 నుంచి 2007 దాకా వచ్చింది. దాని లోపం ఒక గొలుసు. ఇంజను మధ్య లోయలో ఉండే ఆయిల్ కూలరు కూలెంటు మడ్డితో పూడుకుపోతుంది. దాంతో ఇంజనులోకి మళ్ళీ పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలరుకు నీళ్ళు అందవు, అది వేడికి పగులుతుంది. నీళ్ళు సిలిండర్లలోకి వెళ్ళి ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కో సిలిండరు చుట్టూ నాలుగే హెడ్డు బోల్టులు, అవి సాగుతాయి, హెడ్ గ్యాస్కెట్ లేస్తుంది. తక్కువ మైళ్ళ బండి ఈ గొలుసు ఇంకా మొదలవని బండి కావచ్చు, సగంలో ఉన్నదీ కావచ్చు. పరీక్ష ఉంది. చిన్న స్కానరు పెట్టి బాగా వేడెక్కాక చదును హైవే మీద తోలండి. ఆయిలు వేడికీ కూలెంటు వేడికీ తేడా 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటితే కూలరు పూడుకుపోయింది. కూలెంటు సీసా మూత చుట్టూ తెల్లటి మరక ఎండి ఉంటే గ్యాస్కెట్ నుంచి ఒత్తిడి వచ్చి నీళ్ళు కక్కిందని అర్థం. నాజిళ్ళను నడిపే పెట్టె ఎఫ్ఐసీఎం 48 వోల్టుల దగ్గర ఉండాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 45 కిందికి పడితే అది మార్చాలి. కూలర్లు మార్చి, హెడ్డుకు గట్టి స్టడ్లు వేసిన బిల్లులున్న 6.0 మంచి బండే. బిల్లులు లేని 6.0 నా దృష్టిలో చౌక కాదు.

7.3 నాజిళ్ళను నొక్కేది ఇంజను ఆయిలే, దాన్నే పెద్ద ఒత్తిడికి పెంచి వాడుతుంది. అంటే ఆయిలు మార్చడంలో బద్ధకించినవాడి బండిలో నాజిళ్ళు కూడా పోతాయి. దీని పెద్ద చిక్కు చాలా చిన్నది. ఇంజను తిరుగుడు ఎక్కడుందో కంప్యూటరుకు చెప్పే క్యామ్ పొజిషన్ సెన్సారు. అది పోతే ఇంజను దారిలో ఉన్నపళంగా ఆగిపోతుంది. చవక వస్తువే. డాష్‌బోర్డు డబ్బాలో ఒకటి, దానికి పట్టే స్పానరు ఒకటి ఎప్పుడూ పెట్టుకోండి. కూలెంటులో కలపాల్సిన మందు కలిపారా అని మాత్రం తప్పకుండా అడగండి. అది లేకపోతే నీటి బుడగలు సిలిండరు గోడల్ని బయటినుంచి తొలిచేస్తాయి.

ఇక 1997 రామ్. 5.9 కమ్మిన్స్ నాకు పాత చుట్టం. ఆ బీ సిరీస్ ఇంజన్నే టాటా కమ్మిన్స్ మన జంషెడ్‌పూర్‌లో చేసి టాటా లారీలకు ఇచ్చింది. ఆ లారీల పంపులు మా బెంచి మీద ఎన్నో తిరిగాయి. వరసగా ఆరు సిలిండర్లు, కరెంటు అక్కర్లేని ఇన్‌లైన్ పంపు, ఆ పంపు అడుగున ఆయిలులో తడిసే క్యామ్. పల్లెటూళ్ళో బాగు చేయగల ఇంజను. దీని లోపం ఒక పిన్ను. ముందువైపు టైమింగ్ గేర్ల పెట్టెను సరిగ్గా కూర్చోబెట్టే ఇనుప పిన్ను అదుర్లకు మెల్లగా జరిగి గేర్ల మధ్య పడుతుంది. పడితే పెట్టె పగులుతుంది, కొన్నిసార్లు ఇంజనే పోతుంది. అమెరికాలో దీన్ని ప్రాణాలు తీసే పిన్నంటారు. మందు సులువు. ముందు మూత విప్పి ఆ రంధ్రం మీద చిన్న ఇనుప రేకు బిగిస్తారు, పిన్ను ఇంక కదలదు. బిగించిన బిల్లు ఉందా అడగండి. లేకపోతే కొన్న వారంలోనే చేయించండి, అది చేశాకే ట్రైలరు తగిలించండి.

డాడ్జ్ చూసేటప్పుడు ఏడాది జాగ్రత్త. 1998 నడుమ నుంచి 2002 దాకా వచ్చిన 24 వాల్వుల ఇంజనుకు వేరే పంపు, వీపీ44 అంటారు. అది చల్లబడేదీ జిడ్డు తెచ్చుకునేదీ డీజిలుతోనే. టాంకు నుంచి డీజిలు తోసే చిన్న పంపు బలహీనపడితే ఈ ఖరీదైన పంపు ఎండిపోయి చస్తుంది. కొంటే ముందు డీజిలు ఒత్తిడి మీటరు పెట్టించండి. లోడు మీద పది పీఎస్‌ఐ కిందికి రాకూడదు. ఆ కాలపు కొన్ని బ్లాకుల మీద 53 అన్న అంకె పోత పోసి ఉంటుంది. అవి నీటి గోడ దగ్గర పగులుతాయని పేరు. మీ 1997 బండికి ఈ బాధలు లేవు. కానీ ఆ కాలపు డాడ్జ్ ఆటోమేటిక్ గేరు పెట్టె ఇంజనంత గట్టిది కాదు. ట్రైలరు లాగే బండి కాబట్టి మీరు చూసింది మాన్యువలయితే నేను సంతోషిస్తాను.

ఎవరైనా పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) పీకేసిన కొత్త తరం బండి, అంటే 2007, 2008 తర్వాతిది, చవకగా ఇస్తామంటే తీసుకోవద్దు. కాలుష్య పరికరాలు తీసేయడం అక్కడి సమాఖ్య చట్టానికి విరుద్ధం.

నా వరస ఇది. పిన్ను పని చేసి, మాన్యువలయిన 1997 రామ్ మొదట. తర్వాత ఆయిలు బిల్లులున్న 7.3. తర్వాత కూలర్లు, స్టడ్లు మార్చిన 6.0. మూడింటికీ ముందు అదే పరీక్ష. పొద్దున్నే వెళ్ళండి, ఇంజను మీద చెయ్యి పెట్టండి. డాలస్‌లో చలికాలం పొద్దుటిపూట అయితే ఇంకా మంచిది. ఇంకోటి, మీ దగ్గర ఆయిలును ల్యాబుకు పంపి పరీక్ష చేయించుకునే వీలుంది. ఆయిలులో ఇనుము ఎక్కువుంటే బోర్లు, రింగులు అరుగుతున్నాయి, రాగి ఎక్కువుంటే బేరింగులు అనుమానించాలి, సిలికాన్ ఎక్కువుంటే ఎయిరు ఫిల్టరు దగ్గర దుమ్ము దూరుతోంది. నా కాలంలో అలాంటిది అందుబాటులో ఉండి ఉంటే మా బావమరిది బండి కొనేవాడు కాదు.

ప్రశ్న: మా నాన్న వదిలిపోయిన పికప్‌లో పాలు తోలుతున్నాను. రోజూ డిప్‌స్టిక్ చూడటం ఆయన నేర్పిన అలవాటు. నెల రోజులుగా ఆయిలు తగ్గకపోగా గీత దాటి పెరుగుతోంది. రంగు మారలేదు, వాసన మాత్రం ఘాటుగా ఉంది. బండి బాగానే నడుస్తోంది. కొందరు స్క్రాపుకు ఇచ్చేయమంటున్నారు. మెకానిక్ ‘తగ్గితే కదమ్మా భయం’ అన్నాడు. నాకు అనుమానంగా ఉంది. – ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, మీ అనుమానమే నిజం. ఈ ఉత్తరం అందగానే సంపాదకులను అడిగి మీకు ముందే ఫోను చేయించాను, మిగతావాళ్ళకు కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ఆయిలు తనంతట తాను పెరగదు. అందులో ఏదో కలుస్తోంది. నీళ్ళయితే రంగు మజ్జిగలా మారుతుంది. మీరు రంగు మారలేదని, వాసన ఘాటుగా ఉందని రాశారు కాబట్టి అది డీజిలు. మీది గేరుతో తిరిగే రోటరీ పంపు బండి. పంపు ఇరుసు దగ్గర ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది గట్టిపడి చిరిగితే పంపులోని డీజిలు గేర్ల పెట్టె గుండా నేరుగా ఆయిలులోకి కారుతుంది. బయట ఒక్క చుక్క కనపడదు. అందుకే మెకానిక్ కంటికి ఏమీ దొరకలేదు. కారుతూ మూసుకోని నాజిలు వల్ల కూడా ఇలాగే అవుతుంది, కానీ అప్పుడు పొగ, కుంటుడు కనిపిస్తాయి. మీ బండి బాగా నడుస్తోందన్నారు కాబట్టి నా అనుమానం సీలు మీదే.

పలచబడ్డ ఆయిలు బేరింగుల్ని కాపాడలేదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆయిలు మరీ పెరిగితే ఇంజను ఆ ఆయిల్నే పీల్చి కాల్చడం మొదలుపెడుతుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు, వేగం పెరిగిపోతూనే ఉంటుంది. ఎప్పుడైనా అలా జరిగితే బండిని పెద్ద గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలేయండి, ఇంజను ఆగిపోతుంది. లేదంటే గాలి పీల్చే గొట్టాన్ని చెక్కతో మూయాలి. చేత్తో మాత్రం మూయొద్దు.

పంపు దించి ఆ సీలు మార్పించి, ఆయిలు మార్చేదాకా బండి తీయకండి, పాలకు రెండు రోజులు వేరే బండి మాట్లాడుకోండి. పంపు దించేటప్పుడు టైమింగు గుర్తులు పెట్టకుండా దించనివ్వొద్దు. పంపు రూములో ఇరుసు దగ్గర బుష్ కూడా చూడమనండి, అది అరిగి ఉంటే కొత్త సీలు కూడా మూడు నెలల్లో పోతుంది. తర్వాత పాత ఆయిలు మొత్తం దించి, ఫిల్టరు మార్చి కొత్తది పోయించండి. మీ నాన్నగారి బండి గురించి మీరు రాసిన మిగతా సంగతులను బట్టి ఇంజను మీద ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. కాబట్టి స్క్రాపుకు ఇచ్చేయమన్నవాళ్ళ మాట ఇప్పుడే వినకండి.

పని అయ్యాక వారం రోజులు పొద్దున్నే, స్టార్టు చేయక ముందు, డిప్‌స్టిక్ చూసి గీత ఎక్కడుందో ఒక కార్డు మీద రాసి పంపండి. వచ్చే సంచికకు అందకపోయినా నేను చూసి మీకు జవాబిస్తాను.